దస్తీ కట్టుకున్న ఎలుక

పక్కింటి పిల్ల పలక్ మా సోఫాలో బోర్లా పడుకుని ట్యాబ్ చూస్తోంది. నేను వంటింట్లో పప్పుకు పోపు వేస్తున్నాను. ఆవాల చిటపటల్లోంచి ఒక గొంతు వినిపించింది. ముక్కుతో మాట్లాడే గొంతు, ఎవరో చక్కిలిగింతలు పెడుతున్నట్టు కిచకిచలాడే గొంతు. "అరే బాప్‌రే! బిజిలీ గుల్!" అని అరిచింది. కరెంటు పోయిందట. పలక్ పకపకా నవ్వింది. నా చేతిలో గరిట ఆగిపోయింది, పోపు మాడిపోయింది. ఇల్లంతా మాడు వాసన కమ్ముకుంటున్నా స్టవ్ కట్టేయాలని తోచలేదు. నాలుగేళ్లుగా ఆ గొంతు నా చెవిన పడకుండా ఎంత జాగ్రత్తపడ్డానో నాకే తెలుసు. టీవీలో వస్తే లేచి వెళ్లిపోయాను. పెళ్లిలో పిల్లల కోసం తెరమీద వేస్తే భోజనం చేయకుండా వచ్చేశాను. చివరికి నా ఇంట్లోకే వచ్చి కూర్చుంది.

ఆ గొంతు ఒక ఎలుకది. తీగ, స్పాంజి, గుడ్డపీలికలతో చేసిన జానెడు ఎలుక బొమ్మ. బొమ్మను వెంట్రుకవాసి కదిపి ఒక ఫోటో, ఇంకో వెంట్రుకవాసి కదిపి ఇంకో ఫోటో, అలా వేల ఫోటోలు వరసగా పరిగెత్తిస్తే బొమ్మ నడుస్తుంది, చెయ్యి ఊపుతుంది, తలవంచి ఏడుస్తుంది. అలా తీసిన సినిమా అది. ఆ ఎలుకను కదిపిన చేతులు కొంత నావి, కొంత రాజేశం కాకవి. గొంతు మాత్రం మా ఇద్దరిదీ కాదు. అసలు మా ఎలుకకు గొంతే లేదు. దానికి గొంతు అతికించిన వాళ్ల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. "పోనీలే, సినిమా అన్నాక అవన్నీ మామూలే" అనే వాళ్ల మీద ఇంకా మండుతుంది.

సూరత్ శివారు ఉన్‌లో మా గది వెనక గది రాజేశం కాకది. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్నదీ ఆయనదీ సిరిసిల్ల దగ్గర పక్కపక్క ఊళ్లు, ఇద్దరూ ఒకే రైలెక్కి సూరత్ వచ్చారు, అంతే. నాన్న సాంచలు నడిపేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. కాక సాంచలూ నడిపేవాడు, పోగులూ అతికేవాడు. మగ్గం మీది బీము, అంటే పడుగు నూలు చుట్టిన దిమ్మ, అయిపోతే దాని పోగుల చివరలకు కొత్త బీము పోగుల్ని ఒక్కొక్కటిగా ముడివేయాలి. వేల పోగులు. వేళ్లకు బూడిద అద్దుకుని ఒక మెలిక, ఒక గుంజు, తర్వాతి పోగు. ఒక్క పోగు తప్పుదానికి అతికితే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. తప్పు కనబడితే కాక రెండు వేళ్లను కత్తెరలా ఆడించేవాడు. తెంపు, మళ్లీ కట్టు అని దానర్థం. ఇంట్లో కూడా అంతే. చిన్నమ్మ, అంటే ఆయన భార్య సత్తవ్వ, పప్పులో ఉప్పు ఎక్కువ వేసినా ఆ కత్తెరే. ఆమె కూడా తక్కువదేం కాదు, గరిటె చూపించి జవాబు చెప్పేది.

ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో బతికాక ఆయన చెవులు దాదాపు పోయాయి, చెవి దగ్గర అరిస్తేనే మాట అందేది. అందుకే నోటితో మాట్లాడితే గల్లీ చివరిదాకా వినపడేది. కానీ ఆయన అసలు మాట చేతుల్లో ఉండేది. సాంచల షెడ్డులో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు, పైగా దూది పొట్టు పోకుండా అందరూ మూతికి దస్తీ, అంటే చేతిరుమాలు, కట్టుకుంటారు, పెదాలు కూడా కనపడవు. అందుకని చేతులతో మాట్లాడుకుంటారు. వేళ్లు మూతి దగ్గర పెట్టి మణికట్టు తిప్పితే, తిన్నావా అని. అరచేయి కిందికి నొక్కితే, ఆపు అని. బొటనవేలూ చూపుడువేలూ కొంచెం ఎడంగా పెట్టి చూపిస్తే, జర ఆగు అని. కాక సాంచల దగ్గర, చిన్నమ్మ షెడ్డు చివర నూలు కండెలు చుట్టే మిషన్ దగ్గర. వాళ్ల కాపురంలో సగం మాటలు ఆ సాంచల వరసల మీదుగా చేతులతోనే నడిచాయి. నేను వాళ్లను చూసే ఆ భాష నేర్చుకున్నాను. "నోటితోని ఎన్ని అబద్ధాలన్న ఆడొచ్చు బిడ్డా. చేతులతోని ఎవడు ఆడడు. గంత టైం యాడుంటది? చెయ్యి లేపితె మాట అయిపోవాలె," అనేవాడు కాక.

కాలేజీ రోజుల్లో నేను చపాతీ పిండితో ఒక మనిషిని చేసి, కిటికీ గట్టు మీద నడిపించి, ఫోనులో పది సెకన్ల వీడియో తీశాను. ఇంటింటికీ తిరిగి చూపించుకున్నాను. అమ్మ దిష్టి తీసింది. నాన్న షెడ్డుకు తీసుకెళ్లి అందరికీ చూపించాడు. కాక మాత్రం రెండుసార్లు చూసి, మూడోసారి మధ్యలో వేలు పెట్టి ఆపాడు.

"గీడ వాని కాలు ఎగిరింది సూడు. మనిషి గట్ల నడుస్తడా? ఒక పోగు తప్పిపోయింది నీకు. తెంపు."

"ఎవరికి కనిపిస్తది కాకా అది?"

"నాకు కనిపియ్యలే?"

ఆయన మీద కోపంతో ఆ రాత్రి అన్నం మానేశాను. తర్వాత మూడు ఆదివారాలు కూర్చుని మొత్తం మళ్లీ తీశాను. తప్పిపోయిన అడుగు పెట్టాక పిండిమనిషి నిజంగానే నడిచాడు. కాక చూసి ఏమీ అనలేదు, కత్తెర మాత్రం చూపించలేదు. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఇప్పటిదాకా దొరకలేదు. "కోపం లేనోనికి పని రాదు. గని కోపం పని మీద ఉండాలె, మనిషి మీద కాదు," అని ఆయన అంటుండేవాడు. అందులో మొదటి సగమే నాకు వంటబట్టింది.

సూరత్‌లోనే ఖటోదరాలో మూతపడిన ఎంబ్రాయిడరీ కారఖానా పై అంతస్తులో మెహుల్‌భాయ్ స్టూడియో పెట్టాడు. నేను బొమ్మలు కదిపే పనికి చేరాను. సాంచల కింద కాపురం ఉండే ఎలుకల కుటుంబం కథ మాది. మొగుడు ఎలుక అగ్గిపెట్టెలంత మగ్గాల మీద నేస్తుంది, పెళ్లాం ఎలుక కండెలు చుడుతుంది, పిల్లలు అల్లరి చేస్తాయి. పిల్లలు నవ్వాలి, వాళ్లను తీసుకొచ్చిన పెద్దవాళ్ల గొంతులో ఏదో అడ్డం పడాలి. అది మెహుల్‌భాయ్ మాటే, నేను కల్పించింది కాదు. మాటలే వద్దన్నదీ ఆయనే. మాటలు లేకపోతే ఏ భాషవాళ్లైనా చూస్తారన్నాడు. అప్పుడు ఆయన్ని చూసి నాకు ముచ్చటేసింది. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

చిన్న మగ్గానికి పోగులు అతకడం మాలో ఎవరివల్లా కాలేదు. కాకను పిలిచాను. అప్పటికి ఆయన పని మానేసి రెండేళ్లు, చిన్నమ్మ పోయి మూడేళ్లు. వచ్చాడు, మగ్గాన్ని చూశాడు, ఎలుకలను చూశాడు, చూసీ చూడగానే గట్టిగా కసిరాడు.

"ఏంది బిడ్డా గిది? మూతికి దస్తీ ఏది? దస్తీ లేకుంట సాంచల కాడ ఎవడన్న నిలబడ్తడా? నోట్లెకు దూది పోదా?"

"ఎలుకలు కదా కాకా."

"ఎలుకైతే? దానికి ఊపిరి ఉండదా?"

ఎలుకలన్నిటికీ మూతికి దస్తీలు కట్టాం. కాకే కట్టాడు, మెడ వెనక ముడి ఎలా ఉండాలో చూపించి మరీ. మెహుల్‌భాయ్‌కి బాగా నచ్చింది, నోళ్లు కదిపే పని తప్పింది కదా అన్నాడు. ఆ మాట నేను పట్టించుకోలేదు. రెండు రోజుల పనికి వచ్చిన కాక పద్నాలుగు నెలలు ఉండిపోయాడు. ఎలుకల చేతులు ఎప్పుడు ఎటు కదలాలో మాకు చెప్పడం మొదలుపెట్టి, చివరికి తనే కదపడం మొదలుపెట్టాడు. సెకనుకు పన్నెండుసార్లు కదపాలి. రోజంతా వంగి పనిచేస్తే నాలుగు సెకన్లు వచ్చేది. మాకు నడుములు విరిగేవి, ఆయనకు మాత్రం అలవాటే. "బీము అతికినట్టే ఉన్నది. అక్కరికి రాని పోగు ఒక్కటి లేదు," అనేవాడు. మేం తప్పు చేస్తే కత్తెర. తను తప్పు చేస్తే తనకు తనే కత్తెర చూపించుకుని, ఆ రోజు పనంతా తీసేసేవాడు.

సినిమా చివర ఒక ఘట్టం ఉంది. పెళ్లాం ఎలుక దూరం నుంచి మొగుణ్ణి పిలుస్తుంది. అక్కడ ఏం చెప్పాలో కథలో రాసి లేదు, ఏదో ఒకటి చేయండి అన్నాడు మెహుల్‌భాయ్. కాక ఆ ఎలుక చెయ్యి గుండెల మీద పెట్టించాడు, తర్వాత అరచేయి కిందికి నొక్కించాడు. నాకు బాగోలేదు, ఆపు అని. తర్వాత మొగుడు ఎలుక దగ్గరికి వచ్చి, దాని రెండు వేళ్లను దగ్గరికి తెచ్చి, జర ఆగు అన్నట్టు కదిపాడు. ఆరు ఫోటోలు తీశాం. ఏడోదానికి ఆయన చెయ్యి బొమ్మ మీద ఉండగానే ఆగిపోయింది. నేను కెమెరా వెనకనుంచి వచ్చి చూశాను.

ఆ సంగతి ఆయన నోటితో చెప్పలేదు. కుర్చీలో కూర్చుని చేతులతో చెప్పాడు. ఆ రోజు చిన్నమ్మ షెడ్డు చివర నుంచి గుండెల మీద చెయ్యి పెట్టి చూపించింది. ఆపు అంది. ఆయన చేతిలో ఇంకా నాలుగు వేళ్ల వెడల్పు పోగులు మిగిలాయి. మధ్యలో వదిలితే వరస చెదురుతుంది. జర ఆగు అన్నాడు. ఆమె సరేనని తలూపింది. అతకడం అయ్యాక తలెత్తి చూస్తే కండెల బుట్టకు ఆనుకుని ఒరిగిపోయి ఉంది. ఎత్తుకుని రోడ్డు మీదికి తెచ్చేసరికే అయిపోయింది. పోగులన్నీ సరిగ్గా అతికాయి, ఒక్కటీ తప్పు పోలేదు. ఆ ముక్క కూడా చేతులతోనే చెప్పాడు. అప్పటిదాకా చిన్నమ్మది ఉన్నట్టుండి వచ్చిన చావు అనే మా అందరికీ తెలుసు.

చెప్పడం అయ్యాక లేచి ఎలుక ముందు కత్తెర వేళ్లు ఆడించాడు. తీసిన ఆరు ఫోటోలూ తీసేయించాడు. ఈసారి మొగుడు ఎలుక జర ఆగు అనలేదు. చేతిలో పోగులు వదిలేసి పరిగెత్తింది. పరిగెడుతూ ఒక్కో సాంచనూ ఆపింది. సినిమా అంతా మోగే సాంచల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గి, చివరికి ఏ చప్పుడూ లేకుండా పోతుంది. ఆ నిశ్శబ్దంలో మొగుడు ఎలుక వెళ్లి పెళ్లాం మూతి మీది దస్తీ విప్పుతుంది, ఆమె గాలి పీల్చుకుంటుంది. అంతే సినిమా. ఆ పదిహేడు సెకన్ల కోసం ఇద్దరం నాలుగు రోజులు పనిచేశాం. మొదటిసారి కలిపి చూసినప్పుడు కాక అరచేయి టేబుల్ మీద ఆనించి ఉంచాడు. స్పీకరు అదురు ఆగిపోగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. చెవులు లేకపోయినా ఆ నిశ్శబ్దం ఆయనకు వినిపించింది.

విడుదలకు రెండు వారాల ముందు మెహుల్‌భాయ్ నన్ను పిలిచి ల్యాప్‌టాప్‌లో సినిమా చూపించాడు. సినిమా కొనేవాళ్లు మాటలు కావాలన్నారట. బొంబాయిలో ఎవరో కామెడీ గొంతులవాళ్లతో పెట్టించేశాడు. మూతులకు దస్తీలు ఉన్నాయి కాబట్టి ఒక్క ఫోటో కూడా మార్చకుండా పని అయిపోయిందని సంబరపడ్డాడు. పెళ్లాం ఎలుక గుండెల మీద చెయ్యి వేయగానే "హాయ్, మేరా దిల్ గయా!" అని, మనసు పారేసుకున్నట్టు ఒక వగలాడి గొంతు. సాంచలు ఆగగానే "బిజిలీ గుల్!" ఆ నిశ్శబ్దంలో ఒక్క క్షణం కూడా మిగల్చలేదు. వెనక నవ్వే పిల్లల గొంతులు కూడా వాళ్లే పెట్టారు.

నేను అరిచాను. ఆ చేతులు ఏం చెబుతున్నాయో చెప్పాను, చిన్నమ్మ సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అవన్నీ ఎవరికి తెలుస్తాయి?" అన్నాడు. కాక పేరు ఎక్కడా లేదేమని అడిగాను. "అరే, వో తో కారీగర్ హై," అన్నాడు. చాయ్ తెచ్చినవాడి పేరుంది, కారు నడిపినవాడి పేరుంది, ఉండాల్సిందే. పద్నాలుగు నెలలు ఆ ఎలుకలకు ప్రాణం పోసిన మనిషి మాత్రం ఉత్త పనివాడు, ఆర్టిస్టు కాదు. ఆ తర్వాత, "నీ పేరు విడిగా, పెద్దగా వేస్తున్నాం. తర్వాతి సినిమా నీ చేతిలో పెడతా," అన్నాడు. నేను అరవడం ఆపేశాను. ఇది ఎవరికీ చెప్పుకోని సంగతి, ఇప్పుడు చెబుతున్నాను. ఆపేశాను. ఇంటికి వెళ్లి, అంతా బాగా వచ్చిందని కాకతో అన్నాను. అప్పుడు నోటితోనే అన్నాను.

విడుదల రోజు కాక ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. థియేటర్ నిండా పిల్లలు, తల్లిదండ్రులు. ఆయనకు గొంతులు వినపడవు కాబట్టి తను చేసిన సినిమానే చూస్తున్నాడు. ఎలుకల చేతులు కదిలినప్పుడల్లా ఒళ్లో ఆయన వేళ్లు కూడా కదులుతున్నాయి. చివరి ఘట్టం వచ్చింది. చెయ్యి గుండెల మీదికి వెళ్లింది. హాలంతా గొల్లుమంది. సాంచలు ఆగాయి, హాలు ఇంకా గొల్లుమంది. కాక తెరమీదనుంచి కళ్లు తిప్పి ముందు వరసలో విరగబడి నవ్వుతున్న ఒకామెను చూశాడు, వెనక్కి తిరిగి పిల్లల్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ వెలుతురులో చెయ్యి ఎత్తి అడిగాడు. ఎందుకు నవ్వుతున్నారు?

నేను కూడా చెయ్యి ఎత్తాను. వాళ్లకు నచ్చింది, సంతోషంతో నవ్వుతున్నారు అన్నాను. చేతులతో అన్నాను.

కాక నా చేతుల వంక చాలాసేపు చూశాడు. తర్వాత నా మొహానికి ఎదురుగా రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు.

బయట మెట్ల మీద కూర్చోబెట్టి నిజం మొత్తం చెప్పాను. ఏ గొంతు ఎక్కడ ఏమందో ఒక్కోటీ చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను, మెహుల్‌భాయ్ గల్లా పట్టుకుంటాడనుకున్నాను, నిజానికి పట్టుకోవాలని కోరుకున్నాను. ఆయన మాత్రం తన మామూలు గొంతుతో, రోడ్డు మీద ఆటోలవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా, "నా పేరు పడ్డదా?" అని అడిగాడు. లేదన్నాను.

"మంచిగయింది. పడుంటె గా కూతలన్ని నేను కూసినట్టు అయ్యేది." మళ్లీ, "నీది పడ్డదా?" అన్నాడు.

"పడింది."

"ఎట్ల ఉంచుకున్నవు బిడ్డా?"

మర్నాడు ఉద్యోగం వదిలేశాను. నా పేరు తీసేయమని మూడుసార్లు రాశాను, తీయలేదు. కాక ఆ తర్వాతి వానాకాలం పోయాడు. మధ్యలో ఆయన నాతో మాట్లాడటం మానలేదు. పండక్కి సకినాలు పంపించాడు, ఎప్పటిలాగే గల్లీ అంతా వినపడేలా మాట్లాడాడు. కానీ చేతులతో మాత్రం మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. నేను చెయ్యి ఎత్తితే తల తిప్పుకునేవాడు. మెహుల్‌భాయ్ చేసినదానికి నా కోపం ఇంకో నలభై ఏళ్లకైనా సరిపోతుంది. ఆ తల తిప్పుకోవడం తలుచుకున్నప్పుడు మాత్రం ఎవరి మీద కోప్పడాలో నాకు బాగా తెలుసు. కోపం పని మీదే ఉండాలి, మనిషి మీద కాదని ఆయన అన్నది బహుశా ఇందుకేనేమో. నాకు మాత్రం చేతకావడం లేదు.

స్టవ్ కట్టేసి హాల్లోకి వెళ్లాను. ట్యాబ్ లాక్కుని కిందకి విసిరేద్దామన్నంత ఆవేశంతోనే వెళ్లాను. పలక్ బెదిరిపోయి లేచి కూర్చుంది. పిల్లదేం చేసింది పాపం. పక్కన కూర్చుని, సౌండు మొత్తం తీసేశాను.

"ఆంటీ, వినపడట్లేదు!"

"వినపడక్కర్లేదు. వెనక్కి జరిపి మళ్లీ చూడు. వాళ్ల చేతులు చూడు."

మూతి ముడుచుకుంది, అయినా చూసింది. పెళ్లాం ఎలుక చెయ్యి గుండెల మీదికి వెళ్లింది, అరచేయి కిందికి దిగింది. పోగులు వదిలేసి మొగుడు ఎలుక పరిగెత్తింది. ఆ పరుగులో నావీ కాకవీ వేలిముద్రలు బొచ్చు మీద అక్కడక్కడా కనపడతాయి, తెలిసినవాళ్లకు. సాంచలు ఒక్కొక్కటిగా ఆగాయి. పలక్ నవ్వలేదు. మొహం ట్యాబ్‌కు దగ్గరగా పెట్టింది.

"ఆంటీ, ఆమెకి ఒంట్లో బాగోలేదా?"

నిండు హాల్లో ఒక్కరూ అడగని మాట. నా వేళ్లు వాటంతటవే లేచి అవునన్నాయి, తల కూడా ఊపాను.

"మరి ఆయన వచ్చేశాడు కదా. బాగైపోయిందా?"

ఈసారి అబద్ధం ఆడలేదు.

"సినిమాలో బాగైంది," అన్నాను.